కలిపేసిన పళ్ళెం

పట్టకారు కొనతో ఓడెట్ పురుగును పైకి తీసింది. వెంట్రుక మందం కూడా లేదు, ఒంటి చుట్టూ బురదతో కట్టుకున్న గొట్టం. అదే పళ్ళెంలో గులకరాయిని కరుచుకున్న బుల్లి చిప్ప కనిపించేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఫండీ అఖాతం అడుగు నుంచి పడవవాళ్ళు తోడితెచ్చే మట్టిని జల్లెడ పట్టి, మిగిలిన జీవాలను ఏరి లెక్కపెట్టడమే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని. వీపు వంగిపోయింది. వేళ్ళకు స్పిరిట్ వాసన ఇక పోదు.

"లోరెట్, మూడు చోట్ల మట్టి సీసాలు ఇలా ఎవరు కలిపారు?"

పక్క బల్ల దగ్గర లోరెట్ తలెత్తలేదు. "ఇంకెవరు, మన ఆఫీసరు గ్రాంట్ దొరే. విడివిడిగా చూస్తే వారం పడుతుందట."

"చౌడర్ చేపల పులుసులో తియ్యటి యాపిల్ పై ముక్క కలిపి రుచి చెప్పమన్నట్టుంది."

ఆమె మధ్యాహ్నం తిండి మానేసి కూర్చుంది. బురదలో బతికేది ఇసుకలో బతకదు, ఇసుకలోది రాళ్ళలో ఉండదు. కాబట్టి ఒక్కొక్కదాన్నీ చూసి దాని చోటేదో చెప్పగలదు. మూడు గిన్నెలు పెట్టింది. బురద గిన్నెలో నాలుగు పురుగులు. ఇసుకలో కొన్ని చిప్పలు. నీటి అడుగునున్న ఉత్తర గుట్ట గులకరాళ్ళ గిన్నె మాత్రం నిండిపోయింది. ఆ గుట్ట మీదే ఆమె తమ్ముడు రెనే స్కాలప్ చిప్పలు పట్టేది. రేవు లోతు చెయ్యడానికి తవ్విన బురదమట్టి పొయ్యబోయేదీ అక్కడే.

మూడింటికి గ్రాంట్ మట్టి పొయ్యడానికి కావలసిన లెక్కల కాగితం తెచ్చాడు.

"సగటున జీవాలు తక్కువే, ఓడెట్. సంతకం పెట్టండి."

"సగటు మీద ఏదీ బతకదు బాబూ. గుట్ట మీద బురద పోస్తే ఇవన్నీ ఊపిరాడక చస్తాయి."

"మట్టి ఎక్కడో పొయ్యాలిగా."

"బురద ఉన్నచోట పొయ్యండి."

"అది దూరం."

"అయితే దూరమని రాయండి. జీవాల్లేవని నాచేత రాయించకండి."

గ్రాంట్ చెవులు ఎర్రబడ్డాయి. "సంతకం లేకపోతే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

ఓడెట్ చేతులు కడుక్కుంది. కోటు వేసుకుని, లోరెట్ భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ కాగితం మీద గ్రాంట్ తన సంతకమే పెట్టుకున్నాడు.

కిటికీ పక్క గిన్నెలో అయిదు సన్నని చేతులు చాచిన చిన్న నక్షత్రచేప. దాని కింద తడిసిన కాగితం ముక్క మీద ఓడెట్ పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు: ఉత్తర గుట్ట. గులకరాళ్ళు. బురద కాదు.