చీపురుకు లేచిన రోడ్డు

కంకిపాడు నుంచి లోపలి ఊళ్లకు పోయే ఆ రోడ్డుకు తారు పోసి నెల తిరక్కముందే జనం దాన్ని ‘కంకరపాడు రోడ్డు’ అనడం మొదలుపెట్టారు. ఆ పేరు పెట్టింది కృపానందం. ఆయనకు ఉన్నది కౌలు పొలం, లేనిది నోటికి తాళం.

నిజానికి కొత్త రోడ్డును చూసి అందరికంటే ముందు మురిసిపోయిందీ ఆయనే. కోతలైపోయాక తడి ధాన్యం ఎండబోయడానికి ఆ ఊళ్లో జాగా ఎక్కడిది? ఇటు బురద, అటు కాలవ. మధ్యలో నల్లగా, వెచ్చగా తారు పరుచుకుని ఉంటే రైతు కంటికి అది రోడ్డులా కనబడదు, కళ్లంలా కనబడుతుంది. ఊరంతా చేసే పనే ఆయనా చేశాడు. సగం రోడ్డు మీద ధాన్యం పోసి, అంచున రాళ్లు పేర్చి, మిగతా సగం బళ్లకు వదిలాడు. సాయంత్రం చీపురు పట్టి ఎత్తబోతే ధాన్యంతో పాటు రోడ్డూ లేచింది. వేసినవాళ్లు వేసిపోయారు, ఊడ్చినవాడికి ఊడి వచ్చింది.

మర్నాడు ఆ చోటే తెరేసమ్మ పడింది. ఆమె బెజవాడ పటమటలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. డ్యూటీ దిగి, అల్లుడి స్కూటరు వెనక కూర్చుని వస్తుంటే బండి కంకర మీద జారింది. అల్లుడి మోకాళ్లు చెక్కుకుపోయాయి, అత్త చెయ్యి విరిగింది. చేతికి కట్టు కట్టారు గానీ నోటికి కట్టడి లేదు కదా, రోడ్డు వేసినవాళ్లను ఆసుపత్రి నుంచి ఇంటిదాకా తిడుతూనే వచ్చింది.

ఆ తిట్లు బెజవాడ దాకా వినబడ్డట్టున్నాయి. రోడ్డు పని చూసే ఇంజనీరు మణికుమార్ జీపులో దిగాడు. వెంట కాంట్రాక్టరు సూర్యప్రకాష్ ఉన్నాడు. పేరు నిండా సూర్యుడే అయినా ఎండ పొడ గిట్టని మనిషి, జీపు నీడ వదల్లేదు.

ఊరు రోడ్డెక్కింది. మణికుమార్ ఒక కాగితం తీసి కృపానందానికి అందించాడు.

“ఏం లేదయ్యా. నువ్వు ధాన్యం పొయ్యడం వల్లే ఆవిడ పడిందని రాశాం. సంతకం పెట్టావంటే మందలించి వదిలేస్తాం. పెట్టకపోతే స్టేషన్లో కేసు.”

ఆ సంతకం పడితే రోడ్డు మంచిదైపోతుంది, ఊరు చెడ్డదైపోతుంది. సూర్యప్రకాష్ మళ్లీ ఇటు తొంగిచూడక్కర్లేదు, కంకర మాత్రం రోజుకొకర్ని పడేస్తూనే ఉంటుంది. సంతకం పడకపోతే కేసు. కేసున్నవాడికి ఆసామి మళ్లీ కౌలుకివ్వడు. కృపానందానికి నాలుక ఎండిపోయింది.

భార్య ఎలిజబెత్ చొక్కా పట్టి లాగింది. “పెట్టెయ్యండి. పొలం పోతే తినేదేంటి?”

“ఒరే ఆనందం!” అంది తెరేసమ్మ. “నన్ను పడేసింది నీ వడ్లు కాదురా. అప్పటికి నువ్వు ఎత్తేశావ్. నా చీర కుచ్చిళ్లలో దొరికింది కంకర!”

“నేను ఊడిస్తేనే కదక్కా లేచింది,” అన్నాడు కృపానందం. అబద్ధం ఆడలేకపోయాడు.

మణికుమార్ ఆ మాట అందుకున్నాడు. “విన్నారా? ఆయనే ఒప్పుకున్నాడు. ఊడ్చినందుకే రోడ్డు పాడైంది.”

కృపానందం ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. ఎండిన నాలుకకు తడి వచ్చింది.

“ఏవండీ ఇంజనీరు గారూ, ఇది లారీల కోసం వేసిన రోడ్డేనా అండీ?”

“మరి?”

“చీపురుకే లేచిపోయిందంటున్నారు. లారీకి ఆగుద్దా అండీ?”

జనం గొల్లుమన్నారు. సూర్యప్రకాష్‌కు మండింది. “తడి ధాన్యం పోస్తే తారు పట్టు వదిలేస్తుందయ్యా! నీకేం తెలుసు?”

“అయితే వానాకాలం దీనికి గొడుగు మీరు పడతారా, మమ్మల్ని పట్టమంటారా?”

“ఎందుకింత రాద్ధాంతం?” అన్నాడు సూర్యప్రకాష్. “ఒక చెయ్యేగా విరిగింది, ప్రాణమేం పోలేదుగా!”

నవ్వులు ఆగిపోయాయి.

ఎలిజబెత్ మొగుడి చొక్కా వదిలేసింది. విసవిసా ఇంట్లోకి పోయి జల్లెడ, ఆ రోజు రోడ్డు మీంచి ఎత్తిన ధాన్యం బస్తా ఈడ్చుకొచ్చింది. అందరి ముందూ జల్లించింది. వడ్లు కింద పడ్డాయి, జల్లెడలో తారంటిన రాళ్లు మిగిలాయి. ఆడవాళ్లు తలో చెయ్యీ వేశారు. మిగిలిన రాళ్లన్నీ ఖాళీ గోనెలోకి ఎత్తారు.

“వడ్లు మావి,” అంది ఎలిజబెత్. “ఇవి మీవి. తీసుకెళ్లండి.”

కృపానందం పెన్ను అడిగాడు. మణికుమార్ మొహం విప్పారింది. కృపానందం కాగితాన్ని జీపు బానెట్ మీద పెట్టి, టైపు చేసినదంతా అడ్డంగా కొట్టేసి, కింద తన చేత్తో రాసి, పైకి చదివాడు. “రోడ్డు మీద ధాన్యం పోసిన తప్పు నాది. ఇకపై పొయ్యను. చీపురుకే లేచే రోడ్డు వేసిన తప్పు నాది కాదు.” సంతకం పెట్టాడు. పెన్ను సూర్యప్రకాష్ ముందుకు చాపాడు.

“నా వంతు తప్పు నేనొప్పుకున్నా. మీ వంతు మీరు కానివ్వండి.”

సూర్యప్రకాష్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“ఇది చెల్లదు,” అన్నాడు మణికుమార్. “కేసు పెట్టాల్సొస్తుంది.”

“పెట్టండి. కోర్టుకి నేనొస్తా, ఈ గోనె కూడా వస్తుంది. మీరు మళ్లీ నాకోసం రావడమెందుకు, ఇప్పుడే పోదాం.”

గోనె భుజానికెత్తుకుని జీపు వెనక ఎక్కి కూర్చున్నాడు.

“దిగవయ్యా!”

“దిగనండి.”

“కౌలు పోతే కూలికెళ్దాం,” అంది ఎలిజబెత్. “కాస్త జరగండి, నేనూ వస్తున్నా.”

“నాకూ చోటుంచండర్రా,” అంటూ తెరేసమ్మ కట్టు కట్టిన చెయ్యి జాగ్రత్తగా ఎత్తిపట్టుకుని ఎక్కింది. ఆమె వెనక మిగతావాళ్లు ట్రాక్టరు తెమ్మని కేకలేస్తున్నారు.

మణికుమార్ సూర్యప్రకాష్‌ను చూశాడు. సూర్యప్రకాష్ కాలవను చూశాడు. డ్రైవరుకు ఎవర్ని చూడాలో తెలియలేదు.

“ఎక్కడికి పోనియ్యమంటారు సార్?”

ఇంజనీరు నోరు తెరిచేలోపే వెనక నుంచి కృపానందం జవాబు వచ్చింది.

“స్టేషనుకి. మెల్లిగా పోనియ్యి నాయనా, రోడ్డు అసలే నాజూకు!”