కారు అడిగితే తప్ప

కుక్కర్ మూడో కూతకి పొయ్యి కట్టేసి, మళ్ళీ వచ్చి కాగితాల ముందు కూర్చున్నాను. నరసరావుపేటలో రవాణా ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని. డ్రైవర్ లేకుండా నడిచే కార్లని రోడ్ల మీదికి వదలాలంటే ఏ నిబంధనలుండాలో ప్రభుత్వం ముసాయిదా పంపింది. జనం అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. దాన్ని నోటీసు బోర్డుకి తెలుగులో రాసే పని, నీ రాత బాగుంటుందమ్మా అంటూ మా సారు నాకు అంటగట్టారు.

పన్నెండో నిబంధన దగ్గర పెన్ను ఆగింది. కారు దానంతటది నడుస్తున్నంతసేపూ సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. కళ్ళు పక్కకి తిప్పకూడదు. కారు అడిగితే తప్ప స్టీరింగు ముట్టుకోకూడదు. ప్రమాదం జరిగితే మాత్రం బాధ్యత ఆ మనిషిదే.

ఈ మనిషిని నేనెరుగుదును. మొన్న వేసవిలో నాదెండ్ల దారిలో సగం రోడ్డు మేర మిరపకాయలు ఆరబోశారు. మా ఆయన రాజశేఖర్ బండి నడుపుతున్నారు, మధ్యలో పాప, వెనక నేను. నెమ్మదిగా పొమ్మన్నాను. నాకు నేర్పమాకు అన్నారు. కాయల మీద చక్రం జారి ముగ్గురం పడ్డాం. పాప మోచెయ్యి చీరుకుపోయింది. లేస్తూనే ఆయన అన్న మొదటి మాట, "వెనక కూర్చుని ఏం చూస్తన్నావే? గట్టిగా చెప్పొద్దా?" కాయలకి కాపలా ఉన్న ఆడవాళ్ళు పాపకి నీళ్ళు తాగించారు గానీ, వాళ్ళూ నన్నే తప్పు పట్టినట్టు చూశారు. ఇంట్లో మా అత్తయ్య సారమ్మ కట్టు కడుతూ, తల్లివి నువ్వే జాగర్తగా ఉండాలి గదా అంది. నేనూ నిజమేననుకున్నాను. ఇప్పుడు నాకు ఎక్కువ కోపం వస్తున్నది దానికే. పాప ఏ బడికెళ్ళాలో ఆయన చెప్పారు, మార్కులు తగ్గితే అడిగేది నన్ను.

మన ఊరికి ఆ కార్లెప్పుడొస్తాయిలే, మన ఆఫీసు నుంచి అభ్యంతరాల్లేవని రాసెయ్యమన్నారు సారు. ఆఫీసు కాగితంలో అలాగే రాశాను. తర్వాత జనం కోసం పెట్టిన ఫారం ఒకటి తీసుకుని, బాధ్యత మోసే మనిషికి అపాయం తోచిన క్షణాన బండి ఆపే అధికారం కూడా ఇవ్వాలని రాశాను.

మా ఆయన నా వెనక నిలబడి చదివారు. ఆయనకి ఆ రోజు గుర్తొచ్చిందని మొహంలో తెలిసింది. పాపం అనిపించింది కూడా. చివరికి మెల్లగా అన్నారు.

"ఆఫీసులో నీకు ఇబ్బందవుద్దేమో. నా పేరు పెట్టి పంపరాదూ?"

ఫారం కింద, ఎవరి తరఫున అని ఒక గడి ఉంది. పాప బడికి, అత్తయ్య పింఛనుకి, ఆయన బండి ఇన్సూరెన్సుకి ఇలాంటి గడులు ఎన్ని నింపానో లెక్కలేదు. ఇందులో మాత్రం ‘నా తరఫున’ అని రాసి, నిస్సీ అని సంతకం పెట్టాను.