పాము తల ముద్ర

మునవ్వర్‌కి కావాల్సింది ఒక్క సంతకం. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని హాజీ యూసుఫ్, సెలవు కాగితం మీద సంతకం పెడితే, కోరుట్ల వెళ్లి కూతురు రిదాని చూసుకుంటాడు. రిదాకి రెండున్నరేళ్లు. అది పుట్టేనాటికే మునవ్వర్ బహ్రెయిన్‌లో ఉన్నాడు. "అబ్బా ఏడి అంటే గోడ గడియారం చూపిస్తోంది" అని భార్య నజ్నీన్ ఉత్తరం రాసింది. మీ అబ్బా గడియారాల దగ్గర ఉంటాడని చెప్పింది నజ్నీనే, పిల్లని అని ఏం లాభం?

హాజీకి ఎనభై దాటాయి. జిదాఫ్స్ బజారులో గడియారాల దుకాణం ఆయనదే, అందులో రిపేరు పని మునవ్వర్‌ది. అమ్మేవన్నీ బ్యాటరీవి. జేబులో మోసేది మాత్రం వేరు. ముత్యాలు కొనడానికొచ్చిన ఫ్రాన్సు షావుకారు హాజీ తండ్రికి కానుకగా ఇచ్చిన బంగారు జేబు గడియారం అది. ఆగి ముప్పయ్యేళ్లయింది. "ఇది సరిగ్గా నడవనీ, సంతకం పెడతాను" అన్నాడు హాజీ. వయసులో ముత్యాలు అమ్మడానికి బొంబాయి తిరిగినవాడు గనక ఆయనకి హిందీ ధారాళంగా వచ్చు.

మునవ్వర్ వెనక మూత తీసి భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. పత్థర్‌గట్టీలో పని నేర్పిన ఉస్తాద్‌కి నవాబుల ఇళ్లలోని ఫ్రాన్సు గడియారాలంటే మహా మోజు, చెప్పి చెప్పి ప్రాణం తీసేవాడు. బెజాన్సాన్ అని ఒక ఊరుందట, ఊళ్లో ఎటు తిరిగినా ఇదే పనట. అక్కడి వేధశాలలో గడియారాన్ని నిలబెట్టి, పడుకోబెట్టి, చలిలో పెట్టి, వేడిలో పెట్టి, ఆకాశంలో చుక్కలతో సరిచూసి, నెగ్గితేనే పాము తల ముద్ర కొడతారట. ఉస్తాద్ కోతలు కోస్తున్నాడనే మునవ్వర్ ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు ఆ పాము భూతద్దంలోంచి తనకేసి చూస్తోంది.

బ్యాటరీలొచ్చాక ఆ ఊరి కార్ఖానాలు చాలామటుకు మూతబడ్డాయని విన్నాడు. ఇక్కడ చూస్తే, బయటికి కనపడని రేకు అడుగున కూడా అద్దంలా మెరుగు పెట్టారు. ఎవడు చూస్తాడని? తనలాంటివాడెవడో ఎప్పటికైనా మూత తీస్తాడని కాబోలు. మునవ్వర్‌కి గర్వంగా అనిపించింది, ఆ గడియారంలో తన పని ఇంకా మొదలుకానేలేదు.

తొమ్మిది రోజులు పట్టింది. రేడియో టైంతో సరిచూసి చేతికిచ్చాడు. హాజీ జేబులో వేసుకున్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే తీసి చూశాడు. ఐదూ పది చూపిస్తోంది. "తప్పు" అని బల్ల మీద పెట్టి నమాజుకి వెళ్లిపోయాడు.

మళ్లీ విప్పాడు, కడిగాడు, బిగించాడు. రేడియోకీ దానికీ అర సెకను తేడా లేదు. సాయంత్రం హాజీ వచ్చాడు, చూశాడు, "తప్పు" అన్నాడు. మూడోసారీ తప్పయితే ఈ ఏడు సెలవు మాట ఖలాస్ అని కూడా అన్నాడు.

సనాబిస్‌లో రూము పంచుకునే దేవన్నకి తన గోడు వెళ్లబోసుకున్నాడు. దేవన్నది నిర్మల్ వైపు, బిల్డింగుల పని. చేతికి గడియారం లేదు.

"ఇంతకు ముల్లు ఏడుండాల్నంటడు ఆయిన?" ఉల్లిగడ్డలు కోస్తూ అడిగాడు దేవన్న.

"అడగలే."

"ఎందుకడగలే?"

"నేను కారీగర్‌ను దేవన్నా. గిరాకిని టైమడుగుతనా?"

"నిజమే. అడిగితె ఇజ్జత్ పోతది. గా ఇజ్జత్ పట్టుకోని ఈడ్నే ఉండు."

మర్నాడు అజాన్ మొదలవగానే, హాజీ నోరు తెరిచేలోపే మునవ్వర్ ఇజ్జత్ వదిలేసి అడిగేశాడు. ముసలాయన అతన్ని జాలిగా చూసి, వణికే గోరు పన్నెండు మీద పెట్టాడు.

"సూర్యుడు దిగాడు, రోజు అయిపోయింది. పన్నెండు. కొత్త రోజు లెక్క ఇక్కణ్నించే. మా నాయన బతికున్నన్నాళ్లూ ఇదే టైం. మీ రేడియో తర్వాత వచ్చింది."

మునవ్వర్‌కి తల కొట్టేసినట్టయింది. నెలవంక కనపడిన సాయంత్రమే కొత్త తారీఖు మొదలని చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. చుక్కలతో సరిచూసిన గడియారాన్ని ఇన్ని రోజులు రేడియోకి తాకట్టు పెట్టాడు.

ముళ్లు పన్నెండు మీదికి తిప్పి ఇచ్చాడు. హాజీ చాలాసేపు చూశాడు. కలం తీశాడు.

"పొద్దు రోజుకో నిమిషం జరుగుతుంది. నా వేళ్లు వణుకుతాయి. ఇక రోజూ మగ్రిబ్‌కి దీన్ని నువ్వే సరిచెయ్యాలి" అన్నాడు.

రోజూ అంటే మునవ్వర్‌కి ఇక సెలవు లేనట్టే. గడియారం మరీ బాగా చేసేశాడు. "మరి నా సెలవు, హాజీ? రెండు నెలలు. కూతుర్ని ఇంతవరకూ చూడలేదు. అబ్బా ఏడంటే గోడ గడియారం చూపిస్తోందట."

హాజీ కలం మూసేశాడు. "ఈ రాత్రికి దీనికి కీ ఇవ్వకు" అని లేచి వెళ్లిపోయాడు. ఏం అర్థమయినా కాకపోయినా మునవ్వర్ ఇవ్వలేదు.

రెండో రోజు సాయంత్రానికి గడియారం ఆగిపోయింది. ముప్పయ్యేళ్ల తర్వాత నడిపించిన చేతులతోనే మునవ్వర్ దాన్ని ఆగిపోనిచ్చాడు. హాజీ అతనిచేత ముళ్లు పన్నెండు మీద పెట్టించి, జేబులో వేసుకుని, సంతకం పెట్టాడు.

"నువ్వొచ్చేదాకా పన్నెండే."

"మరి టైం, హాజీ?"

"రోజూ మగ్రిబ్‌కి తీసి చూసుకుంటాను. అప్పటికి సరిగ్గానే ఉంటుంది." కాగితం అతని చేతిలో పెట్టాడు. "యల్లా. వెళ్లి, నువ్వు గోడ మీద ఉండవని ముందు ఆ పిల్లకి చూపించు."