ఆడబిడ్డ చెయ్యి పడని దర్వాజ

మేస్త్రి బాలన్న గడ్డపార గోడకు ఆనించి చేతులు కట్టుకున్నాడు.

"ఇంటి ఆడబిడ్డ వచ్చి పసుపు పెట్టి మొక్కనిదే దర్వాజ కదిలియ్య. నాకూ పిల్లలున్నరు."

"తీసుడుకు గూడ ఆడబిడ్డెందుకే?" ఇంటి యజమాని మార్కండేయ గుర్రుమన్నాడు.

"పెట్టిననాడు ఎవలు మొక్కిండ్రు? తీసిననాడు గూడ గట్లనే."

గల్లీ మొదట్లో అప్పటికే టేపులు పట్టుకున్న మనుషులు దిగారు. నిజామాబాద్ పాత ఊరి ఇళ్లను అధ్యయనం చేయడానికి సర్కారు డబ్బు మంజూరు చేసింది. కొలతలకెక్కిన ఇంటికి మార్పులు చేసుకునే అనుమతి ఇక రాదని గల్లీ అంతా అనుకుంటోంది. చెక్కడపు దర్వాజ తీసేసి షటర్ బిగిస్తే కొడుకు ధనుంజయ్‌కి సెల్‌ఫోన్ల దుకాణం. బీడీలు చుట్టకుండా బతకడానికి వాడికున్న దారి అదొక్కటే.

ఆటో వచ్చి ఆగింది. నవీపేట నుంచి వచ్చిన మార్కండేయ చెల్లెలు సవిత దిగింది, భుజాన సంచి, చేతిలో పసుపు పొట్లం.

మార్కండేయ గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"ఎవలు పిలిసిండ్రు నిన్ను?"

"నేనే పిలిసిన బాపూ," అన్నాడు ధనుంజయ్.

"మీ అమ్మ దవాఖానల ఊపిరాడక కొట్టుకుంటుంటే రాలే. ఇయ్యాల దుకాణమనంగనే ఉరికొచ్చింది."

"నాకు ఫోన్ చేసినవా అన్నా?" సవిత గొంతు పెంచింది. "వదిన సచ్చినంక కబురు పంపినవ్."

"చెప్పాల్నా? తోడబుట్టినదానికి ఎరుక గావాలె."

కొలిచేవాళ్లు పక్కింటి దాకా వచ్చారు. బాలన్న గడ్డపార అందుకున్నాడు.

"కాళ్లు మొక్కుత బాపూ. ఒక్క బొట్టు పెట్టనియ్యి."

సవిత వంగింది. మార్కండేయ ఆమె చెయ్యి తోసేశాడు. పసుపంతా గడప పక్క మురుగు మోరీలో పడింది.

"తాతా, మీ ఇల్లు కొలుచుకోవచ్చా?" వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది. మెడలోని కార్డు మీద నిఖిత అని పేరుంది. "వద్దంటే పోతం. బలవంతమేం లేదు."

"కొలిస్తే ఏమిస్తరు? రిపేరు చేపిస్తరా?"

"లేదు తాతా. పైసలొచ్చింది అధ్యయనానికే. అది పూర్తయ్యేదాక ఇంటిని ముట్టొద్దు, అంతే."

"ఎప్పుడైతది?"

"పై నుంచి నిధులొచ్చేదాన్ని బట్టి."

ధనుంజయ్ తండ్రి భుజం పట్టుకున్నాడు. "వద్దను బాపూ. ఒక్క మాట."

మార్కండేయకు నోటిదాకా వచ్చింది ఆ మాట. అప్పుడే సవిత అంది: "నేను పోత తియ్యి. నా మీది కోపంతోని పిలగాని కడుపు కొట్టకు."

దానితో చెప్పించుకునేదాకా వచ్చిందా తన బతుకు!

"కొలుచుకో," అన్నాడు నిఖితతో.

బాలన్న గడ్డపార భుజాన వేసుకున్నాడు. ధనుంజయ్ మేనత్త సంచి తీసుకుని ఆటో వైపు నడిచాడు.

"ఈ కొస పట్టుకో తాతా, గట్టిగ."

మార్కండేయ లేచి, టేపు కొసను దర్వాజకు అదిమి పట్టుకున్నాడు. వెనక ఆటో కదిలింది. అందులో ఎక్కింది ఒక్కరో ఇద్దరో తెలియాలంటే తల తిప్పాలి.

తిప్పలేదు.