గేటు దగ్గర లడ్డు

శుభవార్త వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా కోడి ఈకలతో ఉన్నాయి.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే మామ యేసయ్య కోడి మెడ కోశాడు. తల ఒకచోట పడింది. మొండెం వాకిలంతా తిరిగి, నా కొత్త చీర కుచ్చిళ్ళ మీద నెత్తురు చిమ్మి, నీళ్ళ డ్రమ్ము పక్కన కూలింది. నేను కెవ్వుమన్నాను, వెంటనే నవ్వాను. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. ఆ రోజుల్లో ఏం చూసినా నాకు నవ్వొచ్చేది. సికింద్రాబాదులో బీకాం చదివిన నాకు మా అత్తమ్మ ఎలీషమ్మ కోడిని వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకడం నేర్పిస్తోంది. రెక్క దగ్గరి పెద్ద ఈక ఒక్క గుంజుకు ఊడి వస్తే, పరీక్ష పాసైనంత సంతోషంగా ఉంది.

గల్లీ మలుపులో నా మొగుడు స్టీఫెన్ మోపెడ్ చప్పుడు వినిపించింది. చర్చి నుంచి అటే దూలపల్లికి, కాంట్రాక్టర్ గౌరయ్య ఇంటికి వెళ్లి వస్తున్నాడు. బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించాడు.

"రోజీ, నన్ను ఇన్‌చార్జిని చేసిండ్రు."

చేతిలో మడత విప్పని నీలం చొక్కా ఉంది. జేబు మీద తెల్లదారంతో అతని పేరు కుట్టి ఉంది. నేను తడివేలితో ఆ అక్షరాలు తడిమాను. 'స్టీ' మీద చిన్న ఈక అంటుకుంది. అతను దాన్ని ఊది నా మొహం మీదికి ఎగరేశాడు.

మామ కత్తి తుడుస్తున్నవాడు ఆగాడు.

"ఏ సెక్షన్‌కు?"

"మోల్డింగుకు."

"ఎవని జాగల?"

స్టీఫెన్ చొక్కాను చంకలో పెట్టుకున్నాడు.

"అడుగుతున్న గద. ఎవని జాగల?"

"నీ జాగలనే, నాయినా."

మేడ్చల్ అవతల రోడ్డు వారగా ఉన్న ఫౌండ్రీ అది. ఇనుము కరిగించి మోటారు పంపుల గుల్లలు పోతపోస్తారు. కంపెనీ షెడ్డు లేచిన ఏడాదే మామ అందులో చేరాడు. ఇసుకతో అచ్చులు కట్టే సెక్షన్‌కు మేస్త్రీ అయ్యాడు. స్టీఫెన్ అక్కడే ఏళ్ళ తరబడి రోజుకూలీగా ఉన్నాడు. రెండువేల ఒకటి ఎండాకాలంలో కంపెనీ ఆ సెక్షన్‌ను గౌరయ్యకు అప్పగించింది. పర్మినెంటు వాళ్ళంతా రాజీనామా చేసి గౌరయ్య కింద చేరమన్నారు. అదే పని, అదే ఇసుక, పేరొక్కటే మారుతుందన్నారు. ఒప్పుకోని వాళ్ళను గేటు బయటే ఆపేశారు. వాళ్ళు అక్కడే టెంటు వేసుకుని కూర్చున్నారు. రోజుకొకరు జారిపోగా మిగిలిన గుప్పెడు మందిలో మామే పెద్ద.

మామ కత్తిని మొద్దులోకి దించాడు. లేచి వచ్చి స్టీఫెన్ చెంప మీద కొట్టాడు. కోడి నెత్తురుతో నాలుగు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"కొట్టు నాయినా. కొట్టినంక చెప్పు, నేను పోకుంటే గౌరయ్య ఆ జాగ ఖాళీగ ఉంచుతడా? ఇంకొకన్ని తెస్తడు. ఆడు నిన్ను నాయిన అంటడా?"

"తేనీ. ఆని కాళ్ళు ఇరగ్గొడ్త. నీ కాళ్ళు ఇరగ్గొట్టాల్నంటె మీ అమ్మనడగాలె, గదే పరేషాన్."

"నన్నడిగితె ఇద్దరియి ఇరగ్గొడ్త," అంది అత్తమ్మ తల ఎత్తకుండా. "నీళ్ళు సల్లారుతున్నయి, జరుగుండ్రి."

నాకు నవ్వాగలేదు. స్టీఫెన్ కూడా నవ్వబోయి చెంప పట్టుకున్నాడు. మామ మాత్రం నవ్వలేదు.

"రేపు ఆ అంగి తొడుక్కొని గేటు కాడికి వస్తె నా కొడుకని సూడను. మా టెంటు వెంకటనర్సయ్య అయితె అసలే సూడడు. సంచిల రాళ్ళు నింపి పెట్టిండు."

అప్పుడు అత్తమ్మ లడ్డు సంగతి ఎత్తింది. ఫౌండ్రీలో మొదటి నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా పని ఖాయమైన వాడు గేటు దగ్గర, లోపలికి పోయే ముందు, అక్కడున్న వాళ్ళలో పెద్దవాడి నోట్లో లడ్డు పెట్టాలి. కరిగిన ఇనుము దగ్గర పనిచేసే వాళ్ళకు తగాదాలు ప్రాణం మీదికి వస్తాయి కనుక, లడ్డు తిన్నవాడు ఆ పూటంతా పెట్టినవాడి మీదికి గాని, వాడి జట్టు మీదికి గాని చెయ్యి ఎత్తకూడదు. ఆ జట్టు కూడా తిన్నవాణ్ణి ముట్టకూడదు.

"నువ్వు మేస్త్రివైన నాడు పెట్టినవు గద," అంది అత్తమ్మ మామతో. "ఇప్పుడు ఆడు పెడ్తడు. తింటవో లేదో నీ ఇష్టం."

"తినకుంటె?"

"తినకుంటె కొట్టు. అది గూడ ఆనవాయితే గద."

ఆ మధ్యాహ్నమంతా అత్తమ్మా నేనూ లడ్డూలు చుట్టాం. అత్తమ్మ తొలిసారి బూందీ గరిటె నా చేతికిచ్చింది. నూనెలో చినుకుల్లా పడి పైకి తేలే బూందీని చూస్తూ నేను లోకం మరిచిపోయాను. స్టీఫెన్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"నాయిన తింటడంటవా?"

"నేను చేసిన లడ్డు ఎందుకు తినడు?" అన్నాను.

నిజంగానే నాకు అంత ధీమా ఉండేది.

సోమవారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి నేనే గుండీలు పెట్టాను. లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మోపెడ్ వెనక కూర్చున్నాను. మామ తెల్లవారుతూనే వెళ్లిపోయాడు. గౌడవెల్లి వైపు నుంచి సైకిళ్ళ మీద కూలీలు వస్తున్నారు. అతని వీపుకు చెంప ఆనిస్తే కొత్త గుడ్డ గంజి వాసన వేసింది. ఆ దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండునని అనుకున్నాను.

గేటు దగ్గర బండి ఆగీ ఆగకముందే మొదటి రాయి వచ్చింది. హెడ్‌లైటు పగిలింది.

"కొడుకొచ్చిండు యేసయ్యా," అన్నాడు వెంకటనర్సయ్య రెండో రాయి చేతిలో తూచుతూ. మామ కన్నా చిన్నవాడే గాని గొంతు పెద్దది. "పెండ్లాన్ని గూడ అడ్డం తెచ్చుకున్నడు. మస్తు తెలివి."

"అడ్డం కాదు మామా, లడ్డు తెచ్చింది," అన్నాడు స్టీఫెన్.

ఒకరిద్దరు నవ్వారు. వెంకటనర్సయ్య వచ్చి స్టీఫెన్ చొక్కా కాలరు పట్టి గుంజాడు. నేను పెట్టిన పై గుండీ తెగి పడింది. మోకాలితో పొట్టలో పొడిచాడు. స్టీఫెన్ వంగిపోయాడు గాని చెయ్యి ఎత్తలేదు. ఊపిరి కూడదీసుకుని, డబ్బాలోంచి లడ్డు తీసి, టెంటు కింద కూర్చున్న మామ దగ్గరికి నడిచాడు.

"నాయినా, పెద్దోనివి నువ్వే ఉన్నవు. తింటె లోపటికి పోత. తినకుంటె ఈడనే నిలబడ్త, నర్సయ్య మామ ఎంత కొడ్తడో కొట్టనీ."

అందరూ ఆగిపోయారు. మామ చాలాసేపు కొడుకు చేతి వంక చూశాడు. ఆ చేతి నిండా ఇనుము చిట్లి పడ్డ కాలిన మచ్చలే. మామ చేతుల మీదా అవే మచ్చలు. మామ నోరు తెరిచాడు.

"యేసయ్యా," అన్నాడు వెంకటనర్సయ్య.

మామ లడ్డు నములుతుండగానే గౌరయ్య వ్యాను వచ్చింది. హారను కొట్టలేదు, ఆగలేదు. స్టీఫెన్ మామను పక్కకు లాగగానే అది టెంటు గుంజను గుద్ది, కూలిన గుడ్డ మీది నుంచే ఎక్కి ఆగింది. లోపలి నుంచి నీలం చొక్కాల వాళ్ళు దూకారు. కొత్త కూలీలు కొందరు, వాళ్ళ వెంట ఇనుపరాడ్లు పట్టుకున్న వాళ్ళు కొందరు. అందరికీ ఒకే రంగు.

వెంకటనర్సయ్య నెత్తి మీద రాడ్డు పడిన చప్పుడు పచ్చి కొబ్బరికాయ కొట్టినట్టు వినిపించింది. అతను కూర్చున్నట్టుగా కిందపడి, కళ్ళలోకి కారే నెత్తురును రెండు చేతులా తుడుచుకుంటూ తన సంచీ కోసం తడుముతున్నాడు. రాళ్ళు లేచాయి. వ్యాను అద్దం పొడిపొడిగా రాలింది. ఒకడి పళ్ళూడి మట్టిలో పడ్డాయి. నన్నెవడో తోస్తే డబ్బా తిప్పి వాడి మొహం మీద కొట్టాను. లడ్డూలు దుమ్ములో దొర్లాయి. వాడి ముక్కు నుంచి నెత్తురు కారుతుంటే నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే బాగనిపించింది.

మామ మాత్రం కదల్లేదు. చేతులు పక్కకు వేలాడేసి నిలబడ్డాడు. మెడ పొడుగువాడొకడు రాడ్డెత్తి మీదికి వచ్చాడు. మామ వాడి నీలం చొక్కా వంక చూశాడు. ఎత్తబోయిన చెయ్యి దించేశాడు.

"నాయినా, లేపు," అని స్టీఫెన్ అరిచాడు. "చెయ్యి లేపు."

రాడ్డు పడింది. మామ కుడి ముంజేయి మధ్యలో వంగింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మామ అప్పటికీ ఎడమ చెయ్యి అడ్డం పెట్టలేదు.

స్టీఫెన్ కూలిన టెంటు గుంజ పెరికాడు. మెడ పొడుగువాడి మణికట్టు మీద కొట్టాడు. రాడ్డు జారింది. మళ్ళీ మోకాలి మీద కొట్టాడు. వాడు కేకలు పెడుతూ పడ్డాక కూడా ఆపలేదు. వెనక నుంచి మరో నీలం చొక్కా వచ్చి, "అరే, మనోడివే గదరా నువ్వు," అంటూనే స్టీఫెన్ దవడ పగలగొట్టింది. పోలీసు జీపు వచ్చేదాకా అలా సాగింది.

ఆ సాయంత్రం మేడ్చల్ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మామ కట్టుతో కూర్చున్నాడు. స్టీఫెన్ దవడకు కట్టు. అత్తమ్మ అతనికి గ్లూకోజు నీళ్ళు చెంచాతో తాగిస్తోంది, తిడుతోంది. వెంకటనర్సయ్యకు లోపల కుట్లు వేస్తున్నారు.

గౌరయ్య వచ్చాడు. మెల్లగా, పరామర్శకు వచ్చినట్టే వచ్చాడు.

"దెబ్బలు గట్టిగనే తాకినయి గద స్టీఫెన్. నేను మనసుల ఏం పెట్టుకోలే. పొరపాటున నా మనిషినే కొట్టినవు, కానియ్. జాగ నీదే. ఠాణల గింతే చెప్పు, టెంటోళ్ళే ముందుగాల లేసిండ్రని. రాళ్ళు సంచులల్ల ఉన్నయి గద, అబద్ధం గూడ కాదు."

స్టీఫెన్ నేల చూస్తున్నాడు. ఆ పేరు కుట్టిన జేబు చినిగి వేలాడుతోంది.

"చెప్పుకోరా," అన్నాడు మామ. "నా చెయ్యి ఎట్లనో ఇరిగింది. నీ కూడు గూడ ఎందుకు ఇరగాలె."

"నువ్వెందుకు చెయ్యి లేపలే నాయినా?" మాట బిగుసుకుపోయిన దవడలోంచి నలిగి వచ్చింది.

"తిన్న గద. నీ అంగి రంగే ఉండె ఆనికి. నీ జట్టే అనుకున్న."

గౌరయ్యకు అర్థం కాలేదు. "ఏం తిన్నడు?" అని నన్నడిగాడు.

"లడ్డు," అన్నాను.

స్టీఫెన్ చొక్కా విప్పాడు. దవడ కదపకుండా, మిగిలిన గుండీలు తీసి మెల్లగా భుజాల మీది నుంచి జార్చాడు. మడత పెట్టి గౌరయ్య చేతిలో పెట్టాడు. బనియనుతో కూర్చున్న నా మొగుడు ఆ వరండాలో ఎంత అందంగా ఉన్నాడో చెప్పలేను.

"రేపు నీకు పని ఉండదు," అన్నాడు గౌరయ్య. "షామీర్‌పేట దాక ఏ కాంట్రాక్టరు పెట్టుకోడు. నేను చెప్త అందరికి."

"చెప్పు," అన్నాడు స్టీఫెన్.

గౌరయ్య వెళ్లాడు. అత్తమ్మ చెంచా గ్లాసులో వేసింది.

"ఇగ ఏం జేస్తవు?"

"రేపు పొద్దుగాల ఠాణకు పోత," అన్నాడు స్టీఫెన్. "రాయి నర్సయ్య మామ ఏసిండు, అది గూడ చెప్త. వ్యాను టెంటు మీదికెక్కింది, చెయ్యి లేపనోన్ని కొట్టిండ్రు, అది గూడ చెప్త. రోజీ నాతోని వస్తది, ఆమె గూడ చూసింది."

"పొద్దుగాల జల్దీ లేపు నన్ను," అన్నాడు మామ. "నేను గూడ వస్త."