మేకలు ముట్టని పచ్చదనం

"నోరు జాగ్రత్త నాయనా! ఇవాళ పెద్దాఫీసరు వస్తాడు. అడిగితే అంతా బాగుందను. అడక్కపోతే అదీ అనకు," అంది తల్లి, కొడుకు చేతికి అన్నం డబ్బా ఇస్తూ.

"కాపలావాణ్ణి నన్నెవడు అడుగుతాడే అమ్మా? గడ్డిబొమ్మను అడిగినట్టే!" అని నవ్వి కొడుకు వెళ్లిపోయాడు.

ఊరి వెనక వాలునేలను బాగుచేస్తామని ప్రభుత్వం కంచె వేసి, ఆమె కొడుకును కాపలా పెట్టింది. పచ్చబడగానే మేతకు వదులుతామంది. అప్పట్నుంచి ఆమె మేకలు కట్టుకొయ్యకే అంకితం. పాలు ఇంకిపోయాయి, డొక్కలు వెన్నుకంటుకున్నాయి. ఇవాళైనా కంచె తీయకపోతే వాటిని సంతకు తోలడం తప్ప దారి లేదు. ఈలోగా కొడుకు ఏదైనా వాగి పని పోగొట్టుకుంటాడేమోనని మరో దిగులు. ఏ తలుపు చప్పుడు విన్నా ఆమెకు ముందు కీడే తోస్తుంది.

ఇంతకీ ఆ పచ్చదనం ఎలాంటిదో వినండి. నాటిన మొక్కలు నీళ్లు లేక మాడిపోతే, ఎక్కడి నుంచో ఒక మొండి పొద తెచ్చి గుచ్చారు. అది తాను చావదు, పక్కన దేన్నీ బతకనివ్వదు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలో పచ్చగా పడితే చాలు, పథకం గట్టెక్కినట్టే!

ఆఫీసరు వచ్చాడు. కారు దిగలేదు. ఒళ్లో ఉన్న కంప్యూటరు తెర మీద ఆ ఫోటో చూసుకుని, "అద్భుతం! నేల కోలుకుంది," అన్నాడు. బూటుకు మట్టి అంటకుండా మట్టిని ఉద్ధరించిన మహానుభావుడు!

ఆశకొద్దీ మేకలను తోలుకొచ్చి కంచె దగ్గర నిలబడింది తల్లి. కారు కోసం తీసిన గేటులోంచి అవి తాడు తెంపుకుని లోపలికి దూకాయి.

"అయిపోయింది! మావాడి పని ఊడింది!" అని ఆమె తల పట్టుకుంది.

మేకలు ఒక్కో పొదనూ వాసన చూశాయి. చీదాయి. వెనక్కొచ్చి ఆమె కొంగు నమలసాగాయి.

"చూశారా! మేకలకు కూడా అవగాహన వచ్చింది," అన్నాడు ఆఫీసరు. వెంట వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. "ఇంత పచ్చదనం పాడు కాకూడదు. కంచె ఇంకొన్నేళ్లు ఉంచండి."

కొడుకు నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ వారించబోయి, ఎత్తిన చెయ్యి తానే దించేసుకుంది తల్లి.

"వాటికొచ్చింది అవగాహన కాదయ్యా, రోత! ఆకలికి గుడ్డ నమిలే మేక కూడా మీ ఆకు ముట్టలేదు. ఒక్కసారి దిగి, ఆ పొదల కింద గడ్డిపోచ ఒక్కటి చూపించండి," అన్నాడు కొడుకు.

కారు అద్దం పైకి లేచింది. కారు కదిలింది. కాపలావాళ్ల మీద ఉండే మేస్త్రీ మాత్రం వెనకుండిపోయి, "రేపట్నుంచి పనిలోకి రాకు," అని కొడుక్కి చెప్పి పోయాడు.

ఆమె ఇన్నాళ్లూ భయపడ్డదే జరిగింది. చిత్రంగా, ఈసారి ఆమె తల పట్టుకోలేదు; కొంగు నడుముకు దోపి పొదల వైపు నడిచింది.

"మనకెందుకొచ్చిన గొడవ వదినా, బాగుందంటే పోయేదిగా!" అంది ఈ గొడవ చూడవచ్చిన పక్కింటావిడ.

"ఆ మాటే ఇన్నాళ్లూ అన్నాను. మావాడి నోరూ మూయించాను," అంది తల్లి, ఒక పొదను మొదలంటా పట్టి లాగుతూ. "నేల బాగుపడిందో లేదో వంగి చూస్తే తెలుస్తుంది వదినా. నడుం వంచనివాడు బాగుందంటే భయపడి తలూపాం చూడు, ఈ నేలను బీడు పెట్టింది మనమే!"