వరసలో ఖాళీ పీట

"చేతులు చాపు," అన్నాడు మేస్త్రీ.

తొమ్మిదేళ్ళ పిల్ల చాపింది. మిల్లు గేటు ముందు, పని కోసం కాచుకున్న జనమంతా చూస్తుండగా, వాడు ఆ వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూశాడు.

"అచ్చం వాళ్ళమ్మ వేళ్ళే. పోగు తెగితే ముడి బాగా పడుతుంది. లోపలికి తీసుకురా, ముసలమ్మా."

ముసలమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని నడిచింది.

ఆ మిల్లులో రూలు ఒకటే. దారం చుట్టే మనిషి జబ్బుపడితే, సైరన్ మోగేలోపు ఆ ఇంటి మనిషే వచ్చి ఆ పీట మీద కూర్చోవాలి. లేకపోతే పని పోయినట్టే. ముప్పై ఏళ్ళ కిందట తనకు జ్వరమొస్తే ముసలమ్మ కూతుర్ని ఇలాగే తెచ్చింది. రెండు రోజులే అనుకుంది. పీట పోకుండా నిలబెట్టుకున్నానని వీధంతా చెప్పుకుంది కూడా. ఆ కూతురు మళ్ళీ బడి ముఖం చూడలేదు. తల్లిని పల్లెత్తు మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేసింది. ఒకే గదిలో ముప్పై ఏళ్ళు ముసలమ్మ ఒంటరిగానే బతికింది. ఇప్పుడు ఆ కూతురు దగ్గుతో మంచం పట్టింది. పొద్దున పిల్లకు తల దువ్వుతుంటే చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

లోపల నలభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. దారం చుట్టే కండె పిల్లకు అందలేదు. మేస్త్రీ పీట కింద ఖాళీ పెట్టె తోశాడు.

"దీన్నీ మింగేస్తారా?" అంది పక్క పీటామె. నోరు మూతపడదని ఆమెను అందరూ రేడియో అంటారు.

"నోర్ముయ్ రేడియో! వాళ్ళ పీట, వాళ్ళ పిల్ల," అని గద్దించాడు మేస్త్రీ.

"రేపు నా పీట, నా పిల్ల. ఎల్లుండి దాని పిల్ల. ఏమే, మాట్లాడరేం? వీళ్ళమ్మ లేచొచ్చేదాకా ఆ పీట ఖాళీగానే ఉండాలి!"

"పీట పోతే వాళ్ళు తినేదేంటి? నువ్వు పెడతావా?" వెనక నుంచి ఒకామె కసిరింది.

"పెడతా. నువ్వూ పెడతావు. నలభై ఇళ్ళు తలో ముద్ద తీస్తే మూడు ప్రాణాలు నిలబడవా?"

ముసలమ్మ పీట దగ్గరికొచ్చింది.

"తప్పు నాదేనమ్మా. అప్పుడు నన్నెవరూ ఆపలేదు. మీరైనా ఆపండి."

పిల్లను రెండు చేతులా ఎత్తి కిందికి దించింది.

కసిరినామే ముందు లేచింది. తర్వాత రేడియో. ఒక్కొక్క యంత్రమే ఆగిపోయింది. పగటిపూట ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

"ఎవరు నేర్పారే మీకిది?" మేస్త్రీ అరిచాడు.

"నువ్వే బాబూ! ఇంటి మనిషి రావాలన్నావుగా. ఇదిగో, ఇంటిల్లిపాదీ లేచాం," అంది రేడియో.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాన్ లోపలికొచ్చింది. బయటి మనిషి జొరబడి పని ఆపించిందని ముందు ముసలమ్మను ఎక్కించారు. ఎక్కుతూ ముసలమ్మ పిల్లను రేడియో చేతికిచ్చి, "వాళ్ళమ్మ దగ్గర దింపు," అంది. కూతురికి ఇంకేదో చెప్పి పంపాలనుకుంది. తలుపు మూశారు.

వ్యాన్ జాలీలోంచి చూసింది. మేస్త్రీ గేటు బార్లా తెరిచి కేకేస్తున్నాడు. "రండి రండి! నలభై పీటలున్నాయి. పిల్లలైనా సరే!"

పొద్దుట్నుంచీ పని కోసం కాచుకున్న జనం కదిలారు. కూతురి చెయ్యి పట్టుకుని ముందున్న ఒక తల్లి గేటు దాకా వచ్చి, లోపల గోడవారన నిలబడ్డ ఆడవాళ్ళను చూసింది. చాలాసేపు చూసింది. కూతుర్ని తన వెనక్కి లాక్కుని గేటుకు అడ్డంగా కూర్చుంది. పక్కన ఇంకొకామె కూర్చుంది. ఆ వెనక ఇంకొకామె.

వ్యాన్ డ్రైవర్ దారి కోసం హారన్ కొడుతూనే ఉన్నాడు.